మాస్టారు, మేస్త్రి, ఒక కార్బరేటర్

అట్టపెట్టె చుట్టూ మూడు చుట్లు గోధుమరంగు టేపు. లోపల పగిలే సామానుంది జాగ్రత్త అని ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంగ్లీషులో రాసిన మూలే లోపలికి నొక్కుకుపోయింది. పెట్టె కోయంబత్తూరు నుంచి వచ్చింది. దాన్ని స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని లాలాచెరువు దాకా తెచ్చినవాణ్ణి నేను. వెనక కూర్చుని గొయ్యి వచ్చినప్పుడల్లా "నెమ్మదయ్యా, లోపల కార్బరేటరుంది" అని వీపు మీద తట్టింది మాస్టారు.

ఆయన మా పక్కింటాయన. హెడ్మాస్టరుగా రిటైరై పన్నెండేళ్ళయింది. వాళ్ళ నాన్నగారు కొన్న 1968 అంబాసిడర్ మార్క్ టూ దానవాయిపేటలో ఆ ఇంటి పోర్టికోలో ఉంటుంది. క్రీము రంగు, ముందు గళ్ళ గ్రిల్లు. నెలకోసారి గోదావరి గట్టు దాకా వెళ్ళొస్తుంది. చిన్నప్పుడు రాజోలు నుంచి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం పెళ్ళిళ్ళకి ఈ కారులోనే వెళ్ళామని ఆయన నాకు చెప్పింది కనీసం ఇరవైసార్లు. పంటు మీద కారు దిగకుండా లోపలే కూర్చోవడం అప్పట్లో పెద్ద దర్జా అట.

లాలాచెరువు దగ్గర రేకుల షెడ్డు మేస్త్రి ముప్పై ఏళ్ళుగా ఆ బండి చూస్తున్నాడు. మాస్టారు, మేస్త్రి అనే మాటలకి మూలం ఒకటే. ఒకటి ఇంగ్లీషు బడిలోంచి వచ్చింది, రెండోది అంతకంటే ముందే పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. ఇద్దరు గురువులు ఒక షెడ్డులో ఉంటే ఏమవుతుందో అదే వీళ్ళ మధ్య జరుగుతూ ఉంటుంది. ఇంజను విషయంలో మాస్టారు నోరెత్తరు, పద్యం విషయంలో మేస్త్రి నోరెత్తడు. ఇద్దరూ నోరెత్తేది ఫోను దగ్గర. ఏడాదిగా మాస్టారికి ఫోనులో పాత సామాను ప్రకటనలు చూడటం వ్యసనమైంది. పేపరు తరవాత అదే, భోజనం తరవాత అదే.

ఆ రోజు శ్రావణ మాసపు ముసురు. రేకుల మీద చినుకుల మోతలో ఇద్దరూ గొంతు పెంచే మాట్లాడుకున్నారు. పార్సిల్ బల్ల మీద ఉంది. మేస్త్రి దాని వంక చూశాడు గానీ ముట్టుకోలేదు.

మేస్త్రి: ఎంతండీ?

మాస్టారు: నాలుగు వేల ఎనిమిది వందలు. కొరియరు వేరే.

మేస్త్రి: పట్టుకుని చూడకుండానే ఇచ్చేశారా?

మాస్టారు: ఆరు ఫోటోలు పంపాడయ్యా. ముందు, వెనక, పక్కలు, అడుగు, మూత తీసి ఒకటి.

మేస్త్రి: దేవీచౌక్‌లో కిలో వంకాయలు ఏరుకోడానికి పావుగంట తీసుకునే మనిషండీ మీరు. పుచ్చుందేమోనని ముచ్చిక కూడా విరిచి చూస్తారు. ఎస్‌యూ కార్బరేటరు ఫోటో చూసి కొనేశారు.

మాస్టారు: వంకాయ దేవీచౌక్‌లో దొరుకుతుంది కాబట్టి ఏరతాను. ఇది ఎక్కడ దొరుకుతుందో చెప్పు, వెళ్ళి ఏరుకుంటాను. అంబాసిడర్లు చేసే ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మేలో మూశారు. ఇక మార్క్ టూ సంగతా, 1975లో మార్క్ త్రీ వచ్చిన రోజే దానికి నూకలు చెల్లాయి. ఈ గ్రిల్లు కోసం 98లో బెజవాడ ఆటోనగర్‌కి మూడుసార్లు తిరిగాను. పొద్దున బండికి పోవడం, రాత్రి బండికి రావడం. అరవైల్లో కట్టిన జవహర్ ఆటోనగర్ అది. దేశంలో అంత పెద్ద బజారు ఇంకోటి ఉందో లేదో. అక్కడ ప్రతి కొట్లోనూ ఒకటే మాట, "వచ్చే వారం రండి సార్" అని. మూడోసారి ఒకడు అటక మీంచి తీశాడు. నా చొక్కా చూశాడు, చేతి వాచీ చూశాడు, అప్పుడు చెప్పాడు ధర.

మేస్త్రి: చూసి చెప్తే తప్పేంటండీ? బండిని పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పుకునేవాడికి ఒక ధర, తండ్రి బండని దాచుకున్నవాడికి ఒక ధర. మా గురువుగారు కూడా మనిషిని చూసే చెప్పేవారు. మీ ఫోనులో అందరికీ ఒకటే అంకె. గొప్పోడికీ అదే, లేనోడికీ అదే. అది న్యాయమంటారా?

మాస్టారు: న్యాయమే! కొనేవాడికి కనిపించేది అంకె ఒక్కటే. అది నచ్చకపోతే పక్క ప్రకటన చూస్తాడు. నీ గురువుగారి మనసు ఆ రోజు ఎలా ఉందో తెలుసుకోవాల్సిన అవసరం లేదు.

ఇక్కడ నా మాట ఒకటి. మేస్త్రి ధరలో దయ ఉందని నాకు తెలుసు, నా దగ్గర ఎప్పుడూ తక్కువే తీసుకుంటాడు. కానీ ఆ దయ నన్ను ఎరిగి ఉండటం వల్ల వచ్చింది. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ఆటోనగర్‌లో నిలబడ్డవాడికి అది దొరకదు. మాస్టారి మూడు ప్రయాణాల ఖర్చు లెక్కేస్తే ఆ గ్రిల్లు వెండితో చేసినంత అయింది.

మాస్టారు: ఇంకో సంగతి చెప్తా విను. 1995లో అమెరికాలో ఈబే మొదలుపెట్టినాయన, పియరీ ఒమిడ్యార్ అని, మొట్టమొదట అమ్మింది ఏమిటో తెలుసా? పాడైపోయిన లేజర్ పాయింటరు. 14 డాలర్ల 83 సెంట్లకి పోయింది. "బాబూ, ఇది పని చెయ్యదు, తెలుసా?" అని కొన్నవాణ్ణి అడిగితే, "నేను పాడైనవే పోగేస్తాను" అన్నాడట. ప్రతి వస్తువుకీ ఎక్కడో ఒకడుంటాడయ్యా. వాడికి చేరవెయ్యడమే కష్టం. ఆ కష్టం తీరింది.

మేస్త్రి: పాడైందని చెప్పి అమ్మాడు కదండీ!

మాస్టారు: అంటే?

మేస్త్రి: అంతేనండి. ఆయన పాడైందని చెప్పాడు. మీ ప్రకటనల్లో పాడైందని రాసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అందరిదీ మింటు కండిషనే. ఆ మధ్య లంకల వైపు నుంచి ఒకాయన డైనమో ప్రకటన పెట్టాడు. మన కస్టమరే ముచ్చటపడి తెప్పించాడు. పైన వెండిలా తళతళలాడుతోంది. వెనక మూత విప్పితే లోపల ఏముందనుకున్నారు? ఒండ్రు. గోదారి ఒండ్రండీ, ఎండి పొడై, చుట్ల మధ్య పసుపు అద్దినట్టు. 2022 జూలైలో వరదొచ్చింది చూడండి, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి, అప్పుడు పశువుల పాకలో మునిగుంటుంది. పైన రుద్ది ఫోటో తీశాడు. ఫోటోలో వరద కనపడదు కదండీ. నేనైతే చేతిలోకి తీసుకోగానే వాసన పట్టేస్తాను.

మాస్టారు: వాడు మోసగాడు కాబట్టి...

మేస్త్రి: కాదండి. పాపం వాడికీ తెలీదు. వాడు రైతు. తాత డైనమో దొరికింది, కొడుకు ఫోటో తీశాడు. తెలీనోడు తెలీనోడికి అమ్ముతున్నాడు, మధ్యలో ఫోను. నా బాధ అది. పూర్వం పాత ఇనప సామాన్ల కొట్లో కూడా తెలిసినోడు కూర్చునేవాడు. ఇది మార్క్ టూదా, ల్యాండ్‌మాస్టర్‌దా అని తూకం రాయి దగ్గరే చెప్పేసేవాడు.

మాస్టారు: ఆ తెలిసినవాడు తూకం వేసేవాడు కూడా. అక్కడే పేచీ! ఎంత తెలిసినా చివరికి ఇనుముకి కిలో ధరే కట్టేవాడు. ఆ రైతు డైనమో పాడైనా సరే, రాగికీ ఇనుముకీ కరిగించకుండా మిగిలిందా లేదా? మీ కొట్ల తూకంలో ఎన్ని మార్క్ టూలు పోయాయో నువ్వే చెప్పు. డోర్లు కరిగి ఇంటి కడ్డీలయ్యాయి, ఇరుసులు ఎడ్లబండ్ల కిందకి పోయాయి.

మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. టైరు బండ్లకి అంబాసిడర్ ఇరుసులు అమర్చిన రోజుల్లో ఆ పని ఇతని షెడ్డులోనూ జరిగింది. కుర్రాడు అల్లం టీ తెచ్చి మూడు గ్లాసులు పార్సిల్ పక్కన పెట్టాడు.

మేస్త్రి: సరేనండి, ఇది చెప్పండి. ప్రకటనలో డోరు కనిపించింది. ఊరేదో చూస్తారా?

మాస్టారు: ఊరెందుకు? కొరియరు ఎక్కణ్ణించైనా వస్తుంది.

మేస్త్రి: ఊరే చూడాలండి. అంతర్వేది డోరు కొనకూడదు, అనంతపురం డోరు కొనాలి. సముద్రం పక్క ఉప్పు గాలి రేకుని లోపలి నుంచి తినేస్తుంది. పైన పెయింటు ఉంటుంది, మధ్యలో లప్పం ఉంటుంది, రేకు ఉండదు. వేలితో కొడితే డబ్బా మోత రావాల్సింది, గోడని కొట్టినట్టు మొద్దుగా వస్తుంది. ఆ మోత ఫోటోలో వినపడదు.

మాస్టారు: (డైరీ తీసి రాసుకుంటూ) అనంతపురం... చూశావా, ఇది ఆ ప్రకటనలున్న చోట రాస్తే ఎంతమందికి ఉపయోగం! నువ్వేమో నీ బుర్రలో పెట్టుకుని షెడ్డులో కూర్చున్నావు.

మేస్త్రి: బుర్రలోది పెట్టేస్తే ఇంక నా దగ్గరికెవరొస్తారండీ?

అతని అసలు బాధ ఇదేనని మాస్టారు పట్టుకున్నారనుకున్నాను. తప్పు. అసలుది తరవాత బయటపడింది.

మేస్త్రి: మొన్నో కుర్రాడొచ్చాడు. కాకినాడ పక్క. వాళ్ళ మావయ్య మార్క్ టూ వీడికిచ్చాడు. కాగితాలున్నాయి, ఇంజను తిరుగుతోంది. "నిలబెట్టి అమ్మితే లక్ష రాదన్నా, విప్పి అమ్మితే రెండింతలొస్తుంది, విప్పి పెట్టు" అన్నాడు. గ్రిల్లు ఒకరికి, స్టీరింగు ఒకరికి, డూములు ఒకరికి, మీటరు బోర్డు ఇంకెవరికో. నడిచే బండండీ! నేను విప్పనన్నాను. ఇంకోడు విప్పుంటాడు. పాతవి బతికించడానికే ప్రకటనలంటున్నారు మీరు. ఒక్క బండిని చంపితేనే కదండీ పదిమందికి పది ముక్కలు దొరికేది.

మాస్టారు: మరి నీ షెడ్డు వెనకాల ఆ రెండు బండ్లూ?

మేస్త్రి: అవి చచ్చిపోయినవండి. ఛాసీ విరిగిపోయింది ఒకటి, రెండోది లారీ కింద పడింది. కాలం చేసినాయన కళ్ళు తీసి ఇంకొకరికి పెడితే పుణ్యం. బతికున్నోడి కళ్ళు తీసి అమ్మడాన్ని ఏమంటారండీ?

మాస్టారికి దీనికి జవాబు లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకూ లేదు. మీరట్‌లో సోతీగంజ్ అని బజారుంది, దొంగ బండ్లని కూడా అక్కడ ముక్కలు చేసి అమ్ముతున్నారని 2021 డిసెంబరులో పోలీసులు దాన్ని మూయించిన వార్త గుర్తుంది. అక్కడ విప్పినవి దొంగ బండ్లు, ఇక్కడ విప్పేది మేనల్లుడి సొంత బండి. చట్టానికి ఆ తేడా చాలు. మేస్త్రికి చాలలేదు.

మాస్టారు: ఒప్పుకుంటాను. కానీ ఆ కుర్రాడికి నిలబెట్టి కొనేవాడు దొరక్క కదా విప్పమన్నాడు? ఆ ప్రకటన నేను చూసుంటే నేనే ఎవరికో ఒకరికి చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొత్త రూలు కూడా ఉందయ్యా. 2021 జూలైలో కేంద్రం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనయి 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంటే దాన్ని వింటేజి బండిగా గుర్తిస్తారు. కొత్తగా చేయించుకునేవాళ్ళకి ఇరవై వేలు, వీఏ అక్షరాలతో నంబరు. పాత నంబరున్నవాళ్ళు దాన్నే అట్టేపెట్టుకోవచ్చు. మామూలుగా రెన్యువలంటే 2022 ఏప్రిల్లో ఆరొందల ఫీజుని అయిదు వేలు చేశారు కదా. వింటేజిగా చేయిస్తే పదేళ్ళకి సర్టిఫికెట్టు.

మేస్త్రి: చేయిస్తే ఇంక ఎడాపెడా తిప్పుకోవచ్చాండీ?

మాస్టారు: అబ్బే. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకి, అంతే.

మేస్త్రి: మీ బండి ఎటూ వెళ్ళేది బంకుకీ నా షెడ్డుకే కదండీ. చేయించేసుకోండి!

ఆ నవ్వుతో షెడ్డు కాస్త తేలికపడింది. మాస్టారు ఇంకో ఉత్సాహమైన సంగతి ఎత్తుకున్నారు. అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ బీ సిరీస్ ఇంజనే ఇంగ్లండులో ఎంజీఏ అనే స్పోర్ట్సు కారులో 1955లో పెట్టారని, మన టాక్సీకీ వాళ్ళ రేసు కారుకీ మేనరికం ఉందని, అందుకే ఇంగ్లండు ప్రకటనల్లో కూడా మన బండికి పనికొచ్చే వాల్వులూ గాస్కెట్లూ వెతుక్కోవచ్చని. మేస్త్రికి ఇది నచ్చింది. స్పానర్లు ఇంచీల్లో ఎందుకుంటాయో కుర్రాళ్ళకి చెప్పడానికి పనికొస్తుందన్నాడు. ఆ బండికి ఎంఎం స్పానర్లు పట్టించి నట్ల మూలలు అరగ్గొట్టిన కుర్రాళ్ళని అతను మూడు తరాలుగా తిడుతున్నాడు. అంబాసిడర్ అన్న పేరుని 2017లో ఫ్రాన్సు పెజో కంపెనీకి 80 కోట్లకి అమ్మారని మాస్టారు చెబితే, "పేరు కూడా విడిభాగమేనండి, బండి పోయాక అదొక్కటే విప్పి అమ్ముకున్నారు" అన్నాడు. నేను గట్టిగా నవ్వాను. మాస్టారు నవ్వలేదు.

మేస్త్రి: మీరు డబ్బు పోగొట్టుకున్నారు కదండీ ఆమధ్య, దాని సంగతి?

మాస్టారు నా వంక చూశారు. చెప్పింది నేను కాదని కళ్ళతోనే మొర పెట్టుకున్నాను.

మాస్టారు: నేను నా పాత టైర్లు అమ్ముతానని ఒక సైటులో పెట్టాను. పది నిమిషాల్లో ఫోను. హిందీలో. నేను మిలటరీలో ఉన్నాను, వైజాగుకి బదిలీ అయ్యాను, బేరం ఆడను, డబ్బు ఇప్పుడే పంపిస్తాను అన్నాడు. ఒక క్యూఆర్ కోడు పంపి, స్కాన్ చేసి పిన్ను కొట్టండి, డబ్బొచ్చేస్తుంది అన్నాడు. కొట్టాను. రావాల్సిన మూడు వేలు పోయాయి.

మేస్త్రి: బేరం ఆడనివాణ్ణి ఎలా నమ్మారండీ?

ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఈ సంవాదం రాయాలనిపించింది. డబ్బు తీసుకోవడానికి పిన్ను అక్కర్లేదని, పిన్ను కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టేనని, వెంటనే సైబరు మోసాల నంబరు 1930కి ఫోను చెయ్యాలని మాస్టారు ఇప్పుడు వీధిలో అందరికీ పాఠం చెబుతుంటారు. మేస్త్రికి ఇవేవీ తెలీవు. అయినా మోసం ఎక్కడుందో అతను ముందే పట్టుకున్నాడు. పాత టైర్లకి చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చే మనిషి ఈ భూమ్మీద ఉండడు.

మాస్టారు: సరే, అది నా తెలివితక్కువ. ఇంకో జాతి ఉంది, వాళ్ళ మీద నాకు ఒళ్ళు మంట. ధర దగ్గర ఒక్క రూపాయి అని పెడతారు. రూపాయికి స్టీరింగు! తీరా ఫోను చేస్తే "మీరెంతిస్తారు సార్" అంటారు. చెప్పాల్సింది దాచి మనల్ని లాగడం కాదూ అది? పచ్చి అబద్ధం. అంకె వెయ్యడానికి ధైర్యం లేనివాడు ప్రకటన ఇవ్వకూడదు.

మేస్త్రి దీనికి ఏమీ అనలేదు. టీ గ్లాసు పక్కన పెట్టాడు.

మాస్టారు: వాదన చాలుగానీ విప్పవయ్యా. గంట నుంచి దాన్ని అంటరానిదాన్ని చేసి కూర్చోబెట్టావు.

మేస్త్రి: విప్పితే నా నెత్తి మీదకొస్తుందండి. అందుకే ముట్టుకోలేదు. నేను తెచ్చిన సామానుకి నేను పూచీ. నెలలో పాడైతే నా సొంత డబ్బుతో మారుస్తాను, మీకు తెలుసు. ఇది మీరు తెచ్చారు. అమ్మినోడు కోయంబత్తూరులో ఉన్నాడు. రేపు బండి మధురపూడి రోడ్డు మీద ఆగిపోతే తిట్లు ఎవరికి? "మేస్త్రి సరిగ్గా బిగించలేదు" అంటారు. సామాను మీది, మాట నాది. బిగింపు కూలి మూడొందలకి అంత మాట ఎలా మోస్తానండీ?

ఈసారి వాన ఒక్కటే మాట్లాడింది. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, పార్సిల్ మూత మీదే రాశారు: ఇది పని చెయ్యకపోతే తప్పు నాది. కింద సంతకం, తేదీ. హాజరు పట్టీలో పెట్టినట్టే పెట్టారు. మేస్త్రి అది చదివి, కుర్రాణ్ణి పిలిచి, బ్లేడు తెమ్మన్నాడు.

తమిళ పేపరు చుట్టల్లోంచి కార్బరేటరు బయటికొచ్చింది. మేస్త్రి ముందు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత అరచేతిలో ఊగించి బరువు చూశాడు. పైన ఇత్తడి మూత తిప్పి డ్యాంపరు లాగాడు. మూడు స్క్రూలు విప్పి గంట ఆకారంలో ఉన్న పై భాగాన్ని పైకెత్తాడు. లోపలి పిస్టన్ని సూదితో సహా, పచ్చి గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుని బయటికి తీశాడు.

మేస్త్రి: ఇదిగోండి, అసలు గండం ఇక్కడుంటుంది. ఈ గంటా, ఈ పిస్టనూ ఒక తల్లి పిల్లలు. ఫ్యాక్టరీలో జోడీగా కలుపుతారు. రెండు పాతవాటిల్లోంచి ఒకటి చేసి అమ్మేవాళ్ళు దీని గంట దానికి తగిలిస్తారు. చూడ్డానికి ఒకటే. లోపల పట్టేస్తుంది, లేదా గాలి కారుతుంది. చూద్దాం.

గుడ్డతో తుడిచి, పిస్టన్ని గంటలో పెట్టి, అడుగు బెజ్జాలు రెండు బొటనవేళ్ళతో మూసి, తలకిందులు చేసి వదిలాడు. గంట వెంటనే జారలేదు. నెమ్మదిగా, ఊపిరి వదిలినట్టు కిందికి దిగింది. మేస్త్రి పెదవులు లెక్కపెడుతున్నాయి. అయిదు దాకా వచ్చింది. ఏమీ అనకుండా మళ్ళీ అమర్చి, వేలితో పిస్టను పైకెత్తి వదిలాడు. టక్. వాన మోతలో కూడా వినబడింది.

మాస్టారు: ఊఁ?

మేస్త్రి: జోడీయే. ఇంకా ఉండండి.

థ్రాటిల్ స్పిండిల్ రెండు కొసలా పట్టుకుని ఊపాడు. ఎస్‌యూలకి మొదట అరిగేది అక్కడే. అక్కడ సందు పడితే గాలి దొంగతనంగా పోతుంది, బండి నిలబెట్టినప్పుడు వణుకుతుంది. మాస్టారి బండికి ఏడాదిగా ఉన్న జబ్బు అదే. మేస్త్రి ఊపాడు, మళ్ళీ ఊపాడు. స్పిండిల్ కదల్లేదు. టార్చి తెప్పించి లోపలికి చూశాడు. అప్పుడు మొహం మారింది.

మేస్త్రి: ఎవడో బుష్షు వేశాడండి. ఇత్తడి బుష్షు. అల్యూమినియం బాడీని బోరు కొట్టి, లేతు మీద తిప్పి, లోపలికి దించి, అంచు ఎంత సన్నగా కలిపాడో చూడండి, గోరు కూడా తగలట్లేదు. రెండు వైపులా ఒకే వరసలో ఉంది. ఇలా తిప్పినోణ్ణి మన పక్క ఒక్కణ్ణే చూశాను, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ పని మీ ఫోటోల్లో ఉందా?

మాస్టారు ఫోను తీసి ఆరు ఫోటోలూ వేళ్ళతో పెద్దవి చేసి చూశారు. లేదు. ప్రకటనలో కూడా లేదు. మురికి కడిగాను, ఒరిజినల్, ఫైనల్ రేటు అని మాత్రం ఉంది.

మాస్టారు: చూశావా! ప్రకటన లేకపోతే ఈ పనితనం కోయంబత్తూరులో ఏ గుజిరీలోనో కరిగిపోయేది. నీ చేతికొచ్చేదా?

మేస్త్రి: అమ్మినోడికి తెలీదు, కొన్న మీకూ తెలీదు. ఇది తెలిసుంటే వాడు రెండింతలు అడిగేవాడు. తెలియకే మీకు కలిసొచ్చిందండి. దీన్నా మీరు బజారంటారు?

మాస్టారు: కలిసొచ్చింది కదా?

మేస్త్రి: వచ్చిందండి. ఈసారి.

ఇద్దరూ గెలిచినట్టే కూర్చున్నారు. నాకైతే తిన్నగా ఆ బుష్షు తిప్పినవాడి మీదకి పోయింది ఆలోచన. అతను దాని మీద పేరు రాసుకోలేదు, ధర కట్టుకోలేదు. ఏదో షెడ్డులో ఏదో బండి వణుకు తగ్గించి టీకి వెళ్ళిపోయి ఉంటాడు.

కార్బరేటరు బిగించడం మర్నాటికి వాయిదా పడింది, వానలో గాస్కెట్టు జిగురు ఆరదు. లేవబోతుంటే మేస్త్రి కుర్రాడు మూల షెల్ఫు సర్దుతూ ఒక పాల డబ్బా తీసి, "ఇది తుక్కులో వేసెయ్యనా?" అని అడిగాడు. మేస్త్రి లాక్కున్నట్టే తీసుకున్నాడు. నూనె కాగితం విప్పితే రెండు ఉక్కు పిన్నులు, నాలుగు బుష్షులు.

మాస్టారు: ఏమిటవి?

మేస్త్రి: ఫియట్ కింగ్ పిన్నులండి. 1100కి. కొత్తవే. మా గురువుగారు ఇచ్చారు. ఈ షెడ్డులోకి ఫియట్ వచ్చి ఏడెనిమిదేళ్ళయింది. ఈ సన్నాసికి అవేంటో కూడా తెలీదు.

మాస్టారు: బొంబాయిలోనే పద్మినీ టాక్సీలు 2023 అక్టోబరుతో ఆఖరయ్యాయి. ఇంక ఇక్కడికేం వస్తుంది? కావాల్సినవాడు ఏ మంగుళూరులోనో, ఏ పూనాలోనో మునిగిపోయి వెతుకుతుంటాడు. డబ్బాలో ఉంచి ఏం చేస్తావు?

మేస్త్రి డబ్బా వంకా, కుర్రాడి వంకా చూశాడు. తరవాత చాలా మామూలుగా, టైమెంతయిందని అడిగినట్టు అడిగాడు.

మేస్త్రి: ఎలా పెడతారండీ అందులో?

మాస్టారు గబగబా ఫోను తీశారు. పిన్నుల్ని తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో తియ్యబోతే మేస్త్రి ఆపాడు. ఒక పిన్ను తిప్పి, కింద వైపు చిన్న మచ్చ కనిపించేలా పెట్టాడు.

మేస్త్రి: ముందు ఇది తియ్యండి. ఇప్పుడు రాసుకోండి. ఫియట్ 1100 కింగ్ పిన్ సెట్టు. వాడలేదు. ఒక పిన్నుకి కింద తుప్పు మచ్చ ఉంది, పనికేమీ అడ్డు రాదు. బుష్షులు దించాక రీమరు పట్టాలి. రీమరు లేని మేస్త్రి దగ్గర వేయించుకోవద్దు. వేరే బండికి సరిపోతుందేమో అని కొనొద్దు. ఏ బండికో, ఏ సంవత్సరందో ఫోను చేసి చెప్తే సరిపోతుందో లేదో చెప్తాను.

మాస్టారు: ఇంత పొడుగు ప్రకటన నేనెక్కడా చూడలేదయ్యా. సరే, ధర?

మేస్త్రి: బండి చూసి చెప్తానని రాయండి.

మాస్టారు: అలా కుదరదు. ఇక్కడ గడి ఉంది. అంకె వెయ్యకపోతే ముందుకి పోనివ్వదు.

మేస్త్రి: ఎవరికో తెలీకుండా ఎంతని చెప్పనండీ? బండి నడుపుకునేవాడయితే ఒకటి, దాచుకునేవాడయితే ఒకటి. మా గురువుగారైతే ఊరికే ఇచ్చేసేవారేమో.

మాస్టారు: అంకె చెప్పు మేస్త్రీ. ఏదో ఒకటి.

మేస్త్రి: అయితే ఒకటి వెయ్యండి.

మాస్టారు కళ్ళజోడు మీంచి చాలాసేపు అతని వంక చూశారు. తరవాత నా వంక చూశారు. నేను రేకుల మీద వాన వింటున్నట్టు పైకి చూశాను. ఆయన వేలు కిందికి దిగి, ఆ గడిలో ఒకటి కొట్టింది.